డాక్యుమెంటరీలు తీయాలనుకునేవారు ముందు ఏ చిత్రాలు చూడాలి?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నేను బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. డాక్యుమెంటరీలు తీయడాన్నే వృత్తిగా ఎంచుకోవాలని ఉంది. మొదటి చిత్రం గుడిమల్కాపూర్ పూల మార్కెట్ మీద తీయాలనుకుంటున్నాను. యూట్యూబ్‌లో చూసినవన్నీ ఒకే మూసలో ఉన్నట్టు అనిపిస్తోంది. పాత గొప్ప చిత్రాల్లో ఏవి చూడాలి? ఏ శైలి నేర్చుకుంటే మంచిది? చదువు మాత్రం మానొద్దంటున్న నాన్నగారు, మంచి కెమెరా కొనిస్తానని కూడా అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక విద్యార్థిని

జవాబు: మీరు చెబుతున్న మూస ఏమిటో ఊహించడం కష్టం కాదు. డ్రోన్‌తో తీసిన ఊరి దృశ్యం, గంభీరమైన గొంతుతో వ్యాఖ్యానం, మధ్యమధ్య నాలుగు బైట్లు (కెమెరా ముందు ఎవరో చెప్పిన చిన్న మాటలు), వెనక వేణునాదం. టీవీ కార్యక్రమాన్ని గడువులోగా ముగించడానికి ఆ పద్ధతి బాగానే పనికొస్తుంది. డాక్యుమెంటరీ అంటే అంతేననుకుంటే మాత్రం నూరేళ్ల చరిత్రను చూడకుండానే పక్కన పెట్టినట్టవుతుంది. ఏ శైలి నేర్చుకోవాలని మీరు అడిగారు. కెమెరా పట్టుకున్న మనిషికీ, కెమెరా ముందున్న మనిషికీ మధ్య ఎలాంటి సంబంధం ఉందో తేలిన తర్వాతే శైలి తేలుతుందని నా అభిప్రాయం. పాత చిత్రాలను ఆ దృష్టితో చూడండి. ప్రతి పెద్ద దర్శకుడూ ఆ ఒక్క చిక్కుముడిని తనకు తోచిన దారిలో విప్పుకున్నవాడేనని తెలుస్తుంది.

రాబర్ట్ ఫ్లాహర్టీ 1922లో విడుదల చేసిన ‘నానూక్ ఆఫ్ ద నార్త్’తో మొదలుపెట్టండి. కెనడా ఉత్తర ప్రాంతంలో ఇన్యూట్ అనే ఆదివాసీ ప్రజల మధ్య తీసిన ఈ చిత్రంలో నానూక్‌గా కనిపించే వేటగాడి అసలు పేరు అల్లకారియల్లక్. అతని భార్యగా చూపిన స్త్రీ నిజంగా అతని భార్య కాదు. అప్పటికే తుపాకులు వాడుతున్న వేటగాళ్లను పాత ఈటెలతో వేటాడమని దర్శకుడే అడిగాడు. మంచు ఇంటి లోపల కెమెరాకు వెలుతురు చాలకపోవడంతో ఇంటిని ఒక పక్క తెరిచి ఉంచి, ఆ చలిలోనే వాళ్లు నిద్ర లేస్తున్నట్టు చిత్రీకరించాడు. ఇదంతా తెలిశాక ఇది డాక్యుమెంటరీ ఎలా అవుతుందని మీకు సందేహం రావచ్చు. ఆ సందేహం నూరేళ్లుగా వస్తూనే ఉంది, రావలసిందే కూడా. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. ఫ్లాహర్టీ అక్కడే ఫిల్మ్ కడిగి, తీసిన దృశ్యాలను వాళ్లకే వేసి చూపించేవాడు. ఆ తర్వాత ఏం తీయాలో వాళ్లతో మాట్లాడి నిర్ణయించేవాడు. మంచులో వాళ్లతో కలిసి గడిపిన ఆ కాలమే తెర మీద నానూక్ నవ్వులో కనిపిస్తుంది. ఈ చిత్రంలో దేన్ని స్వీకరించాలి, దేన్ని వదిలేయాలి అన్నది మీరే తేల్చుకోవాలి. నా మటుకు నేను ఈటెల వేటను వదిలేసి, దృశ్యాలు వేసి చూపించే అలవాటును తీసుకుంటాను.

డాక్యుమెంటరీ అంటే ‘వాస్తవాన్ని సృజనాత్మకంగా మలచడం’ అని నిర్వచించిన జాన్ గ్రియర్సన్ బ్రిటన్‌లో ఒక తరం దర్శకులను తయారుచేశాడు. వాళ్లు తపాలా శాఖ కోసం తీసిన ‘నైట్ మెయిల్’ 1936 నాటిది, అరగంటకన్నా తక్కువ నిడివి. ఉత్తరాలు వేరుచేసే రైలు పెట్టె లోపలి దృశ్యాలను స్టూడియోలో వేసిన సెట్‌లో తీశారు. నిజమైన తపాలా ఉద్యోగులే రైలు కదులుతున్నట్టు ఊగుతూ పనిచేశారు. కవి ఆడెన్ రాసిన కవితను, సంగీతకారుడు బెంజమిన్ బ్రిటెన్ కూర్చిన సంగీతాన్ని రైలు చక్రాల లయకు ఎలా కలిపారో వినడానికైనా దీన్ని రెండుసార్లు చూడవచ్చు. వ్యాఖ్యానం అంటే సమాచారం చదివి వినిపించడమేనన్న అపోహ ఆ అరగంటలో పోతుంది. సోవియట్ దర్శకుడు జిగా వెర్తోవ్ ‘మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా’ (1929) గురించి ఇక్కడ ఒక్క మాటే చెబుతాను. దర్శకుడిని అందరూ గుర్తుపెట్టుకుంటారు. ఎడిటింగ్ బల్ల దగ్గర ఫిల్మ్ ముక్కలు వేరుచేస్తూ అదే చిత్రంలో కనిపించే ఎలిజవేతా స్విలోవాను మీరు గుర్తుపెట్టుకోండి. ఈ వృత్తిలో మీకు అందరికంటే ముందు జీతమిచ్చే పని ఆమె చేసిన పనే కావచ్చు.

1960 ప్రాంతంలో పరిస్థితి మారింది. భుజాన పెట్టుకుని తిరగగలిగే 16 ఎంఎం కెమెరా, దానితో పాటే మాటను కూడా రికార్డు చేసే పరికరం వచ్చాయి. రాబర్ట్ డ్రూ బృందం విస్కాన్సిన్‌లో అమెరికా అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ప్రాథమిక ఎన్నికలో కెనెడీ, హంఫ్రీల పోటీని అనుసరిస్తూ ‘ప్రైమరీ’ (1960) తీసింది. జనం మధ్య నుంచి వేదిక దాకా కెనెడీ వెనకే నడిచి వెళ్లే దృశ్యం అప్పటి ప్రేక్షకులకు కొత్త అనుభవం. ఈ దారిలో అందరికన్నా దూరం వెళ్లినవాడు, మీకు అందరికన్నా ఎక్కువ పనికొచ్చేవాడు ఫ్రెడరిక్ వైజ్‌మన్. ఆయన చిత్రాల్లో వ్యాఖ్యానం ఉండదు, ఇంటర్వ్యూలు ఉండవు, అదనపు సంగీతం ఉండదు. ఒక సంస్థలోకి వెళ్లి, వారాల తరబడి అక్కడే ఉండి, శబ్దం తానే రికార్డు చేసుకుని, తర్వాత నెలల తరబడి తానే ఎడిట్ చేసేవాడు. ఫిలడెల్ఫియాలోని ఒక పాఠశాల మీద ఆయన తీసిన ‘హైస్కూల్’ (1968) చూశాక, మీ కాలేజీలో స్టాఫ్‌రూమ్ తలుపు దగ్గర జరిగే మాటలే ఒక చిత్రానికి సరిపోతాయని అర్థమవుతుంది.

అదే వైజ్‌మన్ తొలి చిత్రం ‘టిటికట్ ఫాలీస్’ (1967) మానసిక రోగులైన ఖైదీల ఆసుపత్రిలో తీసింది. ఖైదీల గోప్యతకు భంగం కలిగిందంటూ మసాచుసెట్స్ న్యాయస్థానం విధించిన ఆంక్షల వల్ల 1991 వరకు దాన్ని సాధారణ ప్రేక్షకులకు చూపించడం సాధ్యం కాలేదు. లోపలి దారుణాన్ని బయటపెట్టడం ముఖ్యమా, తమ మాట తాము చెప్పుకోలేని రోగి అనుమతి ముఖ్యమా అన్న ఆ వాదనను శ్రద్ధగా చదవండి. ఫోన్ జేబులోంచి తీసి ఎవరినైనా చిత్రీకరించగలిగే మన తరానికి అది కెమెరా పాఠాలకంటే అవసరం.

పక్కకు తప్పుకుని చూడటమే నిజాయితీ అని అమెరికన్లు అనుకుంటున్న రోజుల్లోనే, ఫ్రాన్స్‌లో జాఁ రూష్, ఎడ్గార్ మొరాఁ కలిసి సరిగ్గా అందుకు ఎదురుదారి పట్టారు. వాళ్ల ‘క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్’ (1961)లో పారిస్ వీధుల్లో దారినపోయేవారిని ఆపి ‘మీరు సంతోషంగా ఉన్నారా?’ అని అడుగుతారు. చివర్లో, అందులో కనిపించినవాళ్లందరినీ కూర్చోబెట్టి ఆ దృశ్యాలను చూపిస్తారు. ఒకరు నటించారని, ఒకరు మరీ బయటపడిపోయారని వాళ్లు వాదించుకుంటారు. ఆ వాదన కూడా చిత్రంలో భాగమే. కెమెరా ఉందని మరిచిపోయేలా చేయడం ఒక దారి, కెమెరా ఉండటం వల్లే కొన్ని మాటలు బయటికొస్తాయని ఒప్పుకోవడం రెండో దారి. మీ మనస్తత్వం దేనికి సరిపోతుందో మీకన్నా బాగా ఎవరికీ తెలియదు. ఎక్కువగా మాట్లాడేవారైతే వైజ్‌మన్ దారి మీకు కష్టమే.

ఇక మన దేశం సంగతి. 1948లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫిలిమ్స్ డివిజన్ చిత్రాలను సినిమా హాళ్లలో అసలు సినిమాకు ముందు తప్పనిసరిగా వేసేవారు, జనం ఆ సమయంలో పల్లీలు కొనుక్కోవడానికి బయటికి వెళ్లేవారు. అందువల్ల అవన్నీ ప్రభుత్వ ప్రచారమేనన్న అభిప్రాయం మిగిలిపోయింది. ఆ సంస్థలోనే పనిచేస్తూ ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి తీసిన ‘ఐ యామ్ 20’ (1967) చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది పుట్టిన యువతీయువకులను ఇరవయ్యో ఏట పలకరించిన ఈ చిత్రంలో ఆశా, వెటకారమూ, కోపమూ పక్కపక్కనే వినిపిస్తాయి. అడిగేది ప్రభుత్వమని తెలిసి కూడా వాళ్లు అలా మాట్లాడారు.

ఆనంద్ పట్వర్ధన్ 1985లో బొంబాయి మురికివాడల కూల్చివేతల మీద తీసిన ‘బాంబే: అవర్ సిటీ’లో ఒక ఘట్టం ఉంది. ఇల్లు పోయిన ఒక స్త్రీ కెమెరా వైపు తిరిగి, మా ఫొటోలు తీసుకుని మీరు చేసేదేమిటని నిలదీస్తుంది. దర్శకుడికి ఇబ్బంది కలిగించే ఆ మాటలను చాలామంది ఎడిటింగ్‌లో తీసేసేవారు, ఆయన ఉంచాడు. రేపు పూల మార్కెట్లో ఒక హమాలీ మిమ్మల్ని అదే ప్రశ్న అడుగుతాడు. మీ దగ్గర సిద్ధంగా జవాబు లేకపోయినా ఫర్వాలేదు కానీ, ఆ ప్రశ్నను వినిపించుకోనట్టు నటించకూడదు.

హైదరాబాదులో ఉంటూ దీపా ధన్‌రాజ్ ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ (1986) చూడకపోతే ఎలా? 1984లో ఈ నగరంలో జరిగిన మత ఘర్షణలనూ, వాటి వెనకున్న రాజకీయాన్నీ చూపిన చిత్రమది. మీరు రోజూ బస్సులో దాటే వీధులే అందులో మరోలా కనిపిస్తాయి. ‘మా భూమి’ నిర్మాతగా అందరికీ తెలిసిన బి. నర్సింగరావు తెలంగాణ పల్లె జీవితం మీద తీసిన ‘మా ఊరు’ కూడా వెతికి చూడండి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు కెమెరా నేర్చుకుని, తమ పంటల గురించీ, వరంగల్ ప్రాంతంలో బీటీ పత్తి వేసిన రైతుల గురించీ చిత్రాలు తీశారు. ఎదుటి మనిషి కళ్లకు సమానమైన ఎత్తులో కెమెరా పెట్టి తీసేదాన్ని వాళ్లు సంఘం షాట్ అంటారు. సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు గనుక. నేను పైన చెప్పిన సంబంధం సంగతి మొత్తం ట్రైపాడ్ ఎత్తు దగ్గర ఎలా తేలిపోతుందో గమనించండి. గంపల మధ్య కింద కూర్చుని మూరలు కొలిచి అమ్మే స్త్రీని మీరు నిలబడి తీస్తే, మీ వ్యాఖ్యానంలో ఎంత సానుభూతి ఉన్నా చిత్రం ఆమెను పైనుంచే చూస్తుంది.

ఇప్పుడు మీ గుడిమల్కాపూర్ సంగతి. అక్కడికి తెల్లవారకముందే డీసీఎంలు, ఆటో ట్రాలీలు వస్తాయి. బంతి, చేమంతి సంచులు దిగుతాయి. బేరాలు వేగంగా సాగుతాయి. రంగులు, రద్దీ చూడగానే చేయి కెమెరా మీదికి వెళుతుంది. అందుకే మొదటి కొన్ని వారాలు కెమెరా లేకుండా వెళ్లమంటున్నాను. ఒక్క కమీషన్ ఏజెంటునో, ఒక్క హమాలీనో, మూరలు అమ్మే ఒక్కామెనో ఎంచుకుని, వాళ్ల రోజు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుసుకోండి. ధర పడిపోయిన రోజు ఎవరు ఏం మాట్లాడతారు? బతుకమ్మ ముందు రోజుల్లో ఎవరు ఎవరికి అప్పు పెడతారు? అమ్ముడుపోని పూలు ఏమవుతాయి? ఈ ప్రశ్నలకు జవాబులు దొరికే సమయానికి మీరు అక్కడ కొత్త మనిషి కాకుండా పోతారు. అప్పుడు ఫోన్‌తో తీసినా చిత్రం వస్తుంది. ఫ్రెంచ్ దర్శకురాలు ఆన్యెస్ వార్దా 2000లో ‘ద గ్లీనర్స్ అండ్ ఐ’ని చేతిలో ఇమిడే చిన్న డిజిటల్ కెమెరాతో తీసింది. కోత అయ్యాక పొలాల్లో మిగిలిన బంగాళాదుంపలను ఏరుకునేవారి మీద తీసిన ఆ చిత్రంలో, కెమెరా ఆపడం మరిచిపోవడం వల్ల రికార్డయిన లెన్స్ మూత ఊగిసలాటను కూడా సంగీతం జతచేసి వాడుకుంది. ఆనాటికి ఆమెకు డెబ్బై ఏళ్లు దాటాయి.

కాబట్టి నాన్నగారు ఇస్తానన్న డబ్బుతో పెద్ద కెమెరా ఇప్పుడే కొనవద్దు. ముందు మంచి కాలర్ మైక్, చిన్న సౌండ్ రికార్డర్, హెడ్‌ఫోన్స్, రెండు హార్డ్ డిస్కులు కొనండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుంటాడు, మాట వినిపించకపోతే లేచి వెళ్లిపోతాడు. కెమెరా అవసరమైన రోజుల్లో అద్దెకు తెచ్చుకోవచ్చు. మిగిలిన డబ్బు ఎడిటింగ్‌కు సరిపడే కంప్యూటర్‌కు ఉంచుకోండి.

చదువు విషయంలో నాన్నగారి మాటే సరైనది. నేను ఆయన పక్షం వహించి చెప్పడం లేదు. సినిమా విద్యాసంస్థలైన పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ దర్శకత్వం, ఎడిటింగ్, సినిమాటోగ్రఫీ, సౌండ్ పీజీ కోర్సులకు డిగ్రీ అడుగుతాయి, అది ఏ డిగ్రీ అయినా చాలు. దిల్లీ జామియా మిల్లియాలోని మాస్ కమ్యూనికేషన్ కేంద్రం నుంచి చాలామంది డాక్యుమెంటరీ దర్శకులు వచ్చారు. ఇల్లు వదలడం కుదరకపోతే, మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ కమ్యూనికేషన్ కోర్సు ఉంది. అన్నపూర్ణ స్టూడియోస్ ఆవరణలోని ఫిల్మ్ కళాశాల ప్రైవేటుది గనుక ఫీజుల సంగతి ముందే కనుక్కోండి. బంజారాహిల్స్‌లోని సాంస్కృతిక కేంద్రం లమకాన్‌లో డాక్యుమెంటరీ ప్రదర్శనలు జరుగుతుంటాయి, దర్శకులు వచ్చినప్పుడు చర్చ కూడా ఉంటుంది. అక్కడికి వెళ్లడానికి ఏ ప్రవేశ పరీక్షా లేదు.

ఆదాయం గురించి మీరు అడగలేదు కానీ మీ ఇంట్లో అడుగుతారు. మన దేశంలో సొంత డాక్యుమెంటరీల మీదే బతికేవారు తక్కువ. ఎక్కువమంది ఎడిటింగ్, సౌండ్, పరిశోధన వంటి పనులతోనో, స్వచ్ఛంద సంస్థలకూ కంపెనీలకూ చిత్రాలు చేస్తూనో సంపాదించుకుంటూ, సొంత చిత్రానికి ఏళ్ల తరబడి సమయం కేటాయిస్తారు. కథ చేతికి వచ్చాక కోల్‌కతా డాక్‌ఎడ్జ్ వంటి వేదికల్లో నిర్మాతల ముందు వినిపించవచ్చు. ముంబై అంతర్జాతీయ చలనచిత్రోత్సవం, తిరువనంతపురంలో కేరళ నిర్వహించే డాక్యుమెంటరీ, లఘుచిత్రాల ఉత్సవం కొత్తవారి చిత్రాలకూ చోటిస్తాయి. బీటెక్ చివరి సంవత్సరంలోకి వచ్చేలోపు పది నిమిషాల పూల మార్కెట్ చిత్రం ఒకటి పూర్తి చేసి, ముందుగా అందులో కనిపించినవారికే వేసి చూపించండి. వాళ్లు తీసేయమన్నది ఏదైనా ఉంటే, అది తీసేశాకే ఉత్సవాలకు పంపండి.