తొమ్మిదో సన్నివేశం గురించి

తమ్ముడూ,

దాంపత్య ద్రోహం మీద నువ్వు రాస్తున్న కథ ఆట రెండుసార్లు ఆడాను. మొదటిసారి మౌసు టకటకా నొక్కుకుంటూ, రెండోసారి గడియారం పక్కన పెట్టుకుని. పదకొండో నిమిషానికల్లా కథానాయిక పరాయివాడి గదిలో ఉంది. అప్పటికి ఆమె భర్త తెర మీద రెండే సార్లు కనిపించాడు, ఒకసారి నిద్రపోతూ, ఒకసారి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ. అతను మంచివాడా కాదా అన్న ప్రశ్న తరవాత సంగతి. భార్యతో అతను ఎలా మాట్లాడతాడో కూడా నాకు తెలియలేదు. అలాంటప్పుడు ఆమె మోసం చేసింది ఎవరిని?

బొమ్మలు బాగున్నాయి, సంభాషణలో చురుకుంది. నా గొడవంతా కథ నడకతోనే.

"ఆటగాళ్లకు ఓపిక ఉండదు అక్కా" అంటావని తెలుసు. బట్టలు లేని బొమ్మే కావాలనుకునేవాడికి అది ఎక్కడైనా దొరుకుతుంది. దాంపత్య ద్రోహం కథను ఏరికోరి తెరిచినవాడు గుండె దడ కోసం వస్తాడు. తలుపు చప్పుడుకు ఫోను బోర్లా పెట్టే ఆ అర క్షణం అతనికి కావాలి. అది పుట్టాలంటే ముందు ఆ ఇద్దరి మధ్య కొన్ని అలవాట్లు కనబడాలి. భర్త రోజూ పడుకునే ముందు ఆమె ఫోను చార్జింగుకు పెడతాడనుకో. ఆటలో మూడు రాత్రులు అలా జరగనివ్వు, వ్యాఖ్యానం వద్దు. నాలుగో రాత్రి ఆమె తన ఫోను తానే తీసుకెళ్లి మంచానికి తన వైపు పెట్టుకుంటుంది. అతను చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంటాడు. అంతే. నీ పదకొండు నిమిషాల్లో లేని దడ అక్కడ మొదలవుతుంది.

అలాగని సాగదీయమనడం లేదు. ఆ తప్పు చేసింది నేను. నెలనెలా చందాలు కట్టే వాళ్ల కోసం భాగాలుగా ఆట విడుదల చేసే పద్ధతిలో నేనూ ఒకటి రాశాను. ఎనిమిదో భాగం వచ్చేసరికి కూడా నా జంట చూపులు, నిట్టూర్పులు దాటలేదు. నిదానంగా రగిలిస్తున్నాననుకుని మురిసిపోయాను. చివరికి ఒక ఆటగాడు, మూడో భాగం నుంచి ఏడో భాగం దాకా వదిలేసి ఆడినా కథ అర్థమైందని రాశాడు. కోపం వచ్చింది. రాత్రి కూర్చుని పరీక్షించి చూస్తే అతను చెప్పింది నిజమే. ఈ చందాల పద్ధతిలో ఒక ఉచ్చు ఉంది: కథ ముగిస్తే రాబడి ముగుస్తుంది, కాబట్టి చెయ్యి దానంతట అదే సాగదీస్తుంది. అప్పటి నుంచి ప్రతి సన్నివేశం చివర ఒకటే అడుగుతున్నాను: దీని తరవాత వీళ్లు వెనక్కి తీసుకోలేనిది ఏమైనా జరిగిందా? ముద్దే కానక్కరలేదు. భర్త గురించి పరాయివాడితో పంచుకున్న ఒక చిన్న పరిహాసం చాలు.

ఇప్పుడు నీ తొమ్మిదో సన్నివేశం. ఆమె ఆలస్యంగా ఇంటికి వస్తుంది. భర్త ఎందుకని అడుగుతాడు. తెర మీద రెండు ఎంపికలు: "నిజం చెప్పు", "అబద్ధం చెప్పు". తమ్ముడూ, "ఇప్పుడు నేను అబద్ధం చెబుతాను" అనుకుని ఎవరైనా నోరు విప్పుతారా? భర్తను ప్రశ్న అడగనివ్వకు. "ఆలస్యమైందే" అనిపించు, అదీ ఆమె వైపు చూడకుండా. కింద మూడు ఎంపికలు పెట్టు. ఒకటి, "పని తెమల్లేదు." రెండు, "దారిలో పాత స్నేహితురాలు కలిసింది." మూడు, ఏమీ అనకుండా చెప్పులు విప్పుకోవడం.

మొదటిది సగం నిజం, అందుకే హాయిగా జారుతుంది. మూడోదానితో ఆ రాత్రికి గండం గడుస్తుంది, కానీ అతను ఇక అడగడు, ఆ అడగకపోవడమే ఇంట్లో మూడో మనిషిలా తిరుగుతుంది. రెండోదే అసలు సిసలైనది. లేని స్నేహితురాలు ఒకామె పుట్టింది. ఆమెకు పేరు కావాలి, ఊరు కావాలి, ఇన్నాళ్లూ ఎందుకు కలవలేదో కారణం కావాలి. మూడు సన్నివేశాల తరవాత, అందరూ మరిచిపోయాక, భర్త మామూలుగా "మీ స్నేహితురాలిని ఓసారి ఇంటికి పిలవరాదూ" అంటాడు. ఈ కథల్లో నడకను కొలవాల్సింది అబద్ధాలతోనని నా నమ్మకం. పడక సన్నివేశాల మధ్య దూరం లెక్కపెట్టుకుంటూ రాసినవాళ్లు ఎప్పుడూ తడబడ్డారు, నాతో సహా.

2011లో వచ్చిన 'క్యాథరిన్' ఆట ఆడావో లేదో. అందులో కథానాయకుడు ప్రియురాలికి ఫోనులో జవాబు రాయాలి. ఒక్కో వాక్యం వస్తుంది, నచ్చకపోతే చెరిపి మరో వాక్యం తెప్పించుకోవచ్చు, అలా వరస వరసకూ పేర్చి పంపాలి. రెండు వాక్యాల సందేశం మీద నేను ఐదు నిమిషాలు కూర్చున్నాను. ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు, ఏమీ జరగలేదు, అయినా చెమటలు పట్టాయి. నేర్చుకోవాల్సింది అది. ఎంపిక మంచి వైపు పోయిందో చెడు వైపు పోయిందో తెర మీద చూపించే ముల్లు ఉంటుంది అందులో, దాన్ని మాత్రం వదిలెయ్యి. ముల్లు ఎటు కదిలిందో కనబడగానే ఆటగాడు మనిషిని మరిచి ముల్లుకు సేవ చేస్తాడు.

నీ ఆటలో అదే జరిగింది. ఆకర్షణ పాయింట్లు ఇరవై ఐదు దాటితే తలుపు తెరుచుకుంటుంది. అంటే ఆమెను తాళం కప్పగా చేశావు. ఆ లెక్క తీసెయ్యి. దాని బదులు ఎవరికి ఏమి తెలుసో రాసిపెట్టుకో: స్నేహితురాలి మాట చెప్పిందా, ఆమె ఫోనులో సందేశం వెలగడం భర్త చూశాడా, పరాయివాడికి ఆమె పెళ్లిరోజు తెలుసా. అన్నీ అవును, కాదు అనే చిన్న గుర్తులు. ప్రతి ఎంపికకూ కథను రెండు పాయలు చేస్తే పది ఎంపికలకు 1,024 దారులవుతాయి, నువ్వు ఈ జన్మలో ముగించలేవు. కథ దాదాపు ఒకే దారిలో పోనీ, మనుషులకు మాత్రం జ్ఞాపకం ఉండనీ.

ఇలాంటి కథల ఆటలు తయారుచేసే రెన్‌పై సాఫ్ట్‌వేరులో రాస్తున్నావు కాబట్టి ఇంకో మాట. అందులో మౌసు చక్రం తిప్పితే కథ వెనక్కి పోతుంది. దాన్ని ఆపెయ్యాలని నీకు అనిపిస్తుంది, ఆ అవకాశమూ ఉంది, కానీ వద్దు, ఆటగాళ్లకు ఒళ్లు మండుతుంది. ఫలితాన్ని దూరం జరుపు. అబద్ధం చెప్పిన నలభై నిమిషాలకు దాని దెబ్బ తగిలితే ఎంత వెనక్కి తిప్పుతాడు? వాక్యం మధ్యలో అర సెకను ఆగే సూచనను మాత్రం పొదుపుగా వాడు. ప్రతి వాక్యానికీ పెట్టావు. అందరూ ఆయాసపడుతున్నట్టుంది.

పద్నాలుగో సన్నివేశంలో పరాయివాడు ఆమెను బెదిరిస్తాడు, ఫోటోలు బయటపెడతానని. అక్కడ కథ నీ చేతుల్లో అలిసిపోయిందని నాకు అర్థమైంది. బెదిరింపు వచ్చిన క్షణం నుంచి ఆమె ద్రోహి కాదు, బాధితురాలు. అది వేరే కథ, దాని బరువు వేరు, దానికి వేరే హెచ్చరిక కావాలి. ఇక్కడ దాన్ని తెచ్చింది ఆమెను తొందరగా తోయడానికే. ఆమె తన కాళ్లతో నడిచి వెళ్లాలి, లేకపోతే ఆటగాడి చేతికి అంటేది ఏమీ లేదు. ఆటలో ఏముందో మొదటి పేజీలోనే దాచకుండా రాయి. 2018 నుంచి కంప్యూటరు ఆటలు అమ్మే స్టీమ్ సైటులో పెద్దల ఆటలు పెట్టేవాళ్లు ఆ వివరణ ఎలాగూ ఇవ్వాలి. ద్రోహం ఉందని ముందే చెబితే ఉత్కంఠ పోతుందని భయపడకు, ఎప్పుడో, ఎలాగో అనేది నీ దగ్గరే ఉంటుంది.

శృంగార దృశ్యాల గురించి ఎక్కువ చెప్పను, రాయడం నీకు వచ్చు. అవి మొదలవగానే కథ ఆగిపోతోంది, అదే లోపం. ఒక్కో దృశ్యంలో అక్కడ తప్ప ఇంకెక్కడా తెలియని సంగతి ఒకటి బయటపడనీ. ఆ తరవాతి పావుగంటను అస్సలు కోసెయ్యకు. ఆమె జారిన చెవిదుద్దు కోసం దుప్పటి దులుపుతుంది, అతను అప్పటికే ఫోను చూసుకుంటుంటాడు. నువ్వు తెర నల్లబరచి "మర్నాడు ఉదయం" అని వేశావు!

ఆమె వద్దనుకునే దారికి నువ్వు రాసింది నాలుగు వాక్యాలు, తరవాత ఆట సమాప్తం. కాదన్నందుకు శిక్ష వేసినట్టుంది. వద్దనుకుని ఇంటికి వచ్చిన మనిషి కూడా ఆ రాత్రి భర్త పక్కన నిద్రపట్టక పడుకుంటుంది, ఏమీ చేయని తప్పును దాచుకుంటూ. అది రాస్తే మిగతాదాని కంటే బాగుంటుందేమో.

ముందు తొమ్మిదోది తిరగరాసి పంపు. ఆ లేని స్నేహితురాలికి ఇవాళే ఒక పేరు పెట్టు. భర్త మొదటిసారి అడిగినప్పుడు ఆమె తడుముకోకుండా చెప్పాలి. రెండోసారి అడిగినప్పుడు ఇంటిపేరు మారిపోవాలి, అతను ఏమీ అనకూడదు.

ఆశీస్సులతో,
అక్క