యాక్సెస్ పాయింట్‌ను తిట్టకండి, స్విచ్ చూడండి

"ఒకే యాక్సెస్ పాయింట్‌లో (వైఫై ఇచ్చే డబ్బా) మూడు వీల్యాన్‌లు (ఒకే కేబుల్ మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌లు) పెట్టాను, వైఫై పేర్లు మూడూ కనిపిస్తున్నాయి, ఆఫీసుది తప్ప మిగతా రెండింటికీ ఐపీ (నెట్‌వర్క్ అడ్రస్) రావడం లేదు, డబ్బా పాడైందా" అని మీరు అడిగారు. పాడవలేదు. చాలా సార్లు తప్పు నెట్‌వర్క్ కేబుళ్లన్నీ కలిసే స్విచ్ దగ్గరే ఉంటుంది.

నాకూ అచ్చం ఇదే జరిగింది, అదీ పెళ్లి ముందు రోజు రాత్రి. భీమవరం దగ్గర ఒక కల్యాణ మండపం. ఆఫీసు, కెమెరాలు ట్యాగ్ (ఏ వీల్యాన్‌దో చెప్పే నంబరు) లేకుండా మామూలుగా, లైవ్ ఇచ్చే ఫొటోగ్రాఫర్లకు వీల్యాన్ 20, చుట్టాలకు 30. పెళ్లికొడుకు అన్నయ్య డాలస్‌లో ఉన్నాడు, లైవ్ ఆగితే నా పని అయిపోయినట్టే. 20కి కనెక్ట్ చేస్తే ఫోన్‌లో ఆ గుండ్రం తిరుగుతూనే ఉంది. ల్యాప్‌టాప్‌లో చూస్తే 169.254తో మొదలయ్యే అడ్రస్. అంటే డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే సర్వీసు) జవాబు రాక తనంతట తానే పెట్టుకున్నదన్న మాట.

టెన్షన్‌లో చేయకూడని పని చేశాను. యాక్సెస్ పాయింట్ మేనేజ్‌మెంట్ వీల్యాన్ (దాని సెట్టింగ్స్‌లోకి వెళ్లే దారి) కూడా 20కి మార్చి సేవ్ కొట్టాను. అంతే, అది నా చేతిలోంచి పోయింది. రీసెట్ చేద్దామంటే డెకరేషన్ వాళ్లు దాని మీదుగా గులాబీ రంగు గుడ్డ కట్టేసి, బంతిపూల దండలు వేలాడదీశారు. "అన్నా, ఒక్క మూల విప్పు" అని బతిమాలి, వాళ్ల నిచ్చెనే ఎక్కి, పూలు కడుతున్న పెద్దమ్మ దగ్గర పిన్నీసు అడిగి రీసెట్ నొక్కాను. మొత్తం మళ్లీ మొదటి నుంచి.

అసలు సంగతి ఏమిటంటే, ఆఫీసు గదిలోని మెయిన్ స్విచ్‌కీ హాలుకీ మధ్య స్టేజీ వెనక ఇంకో స్విచ్ ఉంది. యాక్సెస్ పాయింట్ పోర్టులో 20, 30 ట్యాగ్ చేశాను గానీ, ఆ స్విచ్ నుంచి మెయిన్‌కి వెళ్లే పోర్టులో చేయడం మరిచాను. ట్యాగ్ లేని ఆఫీసు ట్రాఫిక్ హాయిగా దాటిపోయింది, మిగతా రెండూ అక్కడే ఆగిపోయాయి. మీకూ ఒక్కటే పనిచేస్తోందంటే నాకు ఇదే గుర్తొచ్చింది.

మీరు చేయాల్సింది: స్విచ్‌లో ఖాళీ పోర్టు ఒకటి తీసుకుని దాన్ని ఐపీ రాని వీల్యాన్‌లో (నా లెక్కలో 30) అన్‌ట్యాగ్డ్‌గా పెట్టండి, పీవీఐడీ (ట్యాగ్ లేకుండా వచ్చేది ఏ వీల్యాన్‌లోకి వెళ్లాలో చెప్పే నంబరు) కూడా 30 చేయండి, ల్యాప్‌టాప్ గుచ్చండి. ఐపీ రాకపోతే వైఫైని వదిలేసి రౌటర్ వైపు ఒక్కో స్విచ్ దాటుతూ పోండి. ఎక్కడ ఐపీ వచ్చిందో, ఆ స్విచ్‌కీ అంతకుముందు ఐపీ రాని స్విచ్‌కీ మధ్య ఉన్న కేబుల్ రెండు చివర్లలో పోర్టు సెట్టింగ్స్ చూడండి. మెయిన్ స్విచ్ దగ్గరా రాకపోతే రౌటర్‌లో ఆ వీల్యాన్‌కి డీహెచ్‌సీపీ పెట్టారో లేదో చూసుకోండి. ఇంకో మాట, వీల్యాన్ పెట్టినంత మాత్రాన చుట్టాల ఫోన్లకు కెమెరాలు కనపడకుండా పోవు. రౌటర్ మామూలుగా వీల్యాన్‌ల మధ్య దారి ఇస్తుంది, దాని ఫైర్‌వాల్‌లో (రాకపోకలు ఆపే సెట్టింగ్) మీరే ఆపాలి.

కేబుల్ అంటే గుర్తొచ్చింది, కొందరు ఎలక్ట్రీషియన్లు ఎనిమిది వైర్లలో నాలుగే క్రింప్ చేసి (కనెక్టర్‌లో బిగించి) పోతారు. లింక్ వస్తుంది, స్పీడు మాత్రం వంద ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. తిట్లు మాత్రం మనకి.

పెళ్లయ్యాక మండపం ఓనర్ గారు గదికో వైఫై పేరు పెట్టమన్నారు. పేరు ఒక్కోటీ సెకనుకు పదిసార్లు దాకా "నేనున్నాను" అని అరుస్తూనే ఉంటుంది, అదీ తక్కువ స్పీడులో. పేర్లు ఎక్కువైతే గాలిలో చోటు చాలా వరకు ఆ అరుపులకే పోతుంది. నేను మూడు దాటనివ్వలేదు.

ఇంతకీ మీ స్విచ్ మోడల్ చెప్పలేదు. మేనేజ్డ్ (వీల్యాన్ సెట్టింగ్స్ మార్చుకోగలిగేది) కాకపోతే పైన చెప్పిందంతా పక్కన పెట్టి, ముందు అది మార్చండి.