ఇంజను ఆఖరున కొనాలి

చిరంజీవికి,
అనంతపురం నుంచి పెదనాయన ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం చేరింది. సొంతంగా విమానం కట్టుకోవడానికి జెనిత్ సీహెచ్ 701 నమూనాను ఎంచుకున్నావని, కర్నూలు కల్లూరు ఎస్టేట్‌లో ఒక రేకుల షెడ్డు బాడుగకు మాట్లాడుకున్నావని, వాడిన రోటాక్స్ 582 ఇంజను ఒకటి తక్కువ ధరకు వస్తోందని, వచ్చే నెలలోనే దాన్ని తెచ్చి షెడ్డులో పెట్టుకోవాలని ఉందని రాశావు. నమూనా ఎంపిక నాకు నచ్చింది. 1986లో క్రిస్ హైంజ్ రూపొందించిన ఆ విమానం 6061-టీ6 అల్యూమినియం రేకుతో, ఎక్కువ చోట్ల ఒక పక్క నుంచే బిగించే లాగుడు రివెట్లతో తయారవుతుంది కాబట్టి, వెల్డింగు గానీ ఫైబర్ పని గానీ తెలియనివాడు కూడా ఓపికగా నేర్చుకుని కట్టగలడు. ఇంజను విషయంలో మాత్రం నేను చెప్పేది నీకు రుచించకపోవచ్చు. దాన్ని ఇప్పుడు కొనవద్దు.

ఇంజనుకు తిరిగిన గంటల లెక్కతో పాటు గడిచిన సంవత్సరాల లెక్క కూడా ఉంటుంది. 582కు తయారీదారు పెట్టిన ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేసే) గడువు 300 గంటలు లేదా 5 సంవత్సరాలు, వీటిలో ఏది ముందు వస్తే అది. రెండు స్ట్రోకుల ఇంజనులో క్రాంక్‌షాఫ్ట్ బేరింగులకు నూనె అందేది లోపలికి వచ్చే పెట్రోలుతో పాటే గనుక, తిరగకుండా మూలన పడి ఉన్న ఇంజనులో ఆ బేరింగులకు తుప్పు పట్టడం మొదలవుతుంది, అది బయటికి కనిపించదు. నీవు ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు, సెలవులు కలుపుకొని విమానం కట్టబోతున్నావు. రెక్కలు పూర్తయ్యేసరికి ఈ ఇంజను గడువు తీరి, కొన్న ధరకు తోడు మరమ్మతు ఖర్చు కూడా నీ నెత్తిన పడుతుంది. అదే కంపెనీ నాలుగు స్ట్రోకుల రోటాక్స్ 912 ఇంజను కొన్నా ఇదే మాట వర్తిస్తుంది. దాని గొట్టాలు, రబ్బరు భాగాలు అన్నీ, ఒక్క గంట కూడా తిప్పకపోయినా, అయిదేళ్లకొకసారి మార్చాల్సినవే.

కొనుగోళ్లన్నిటికంటే ముందు నడవవలసింది కాగితాల పని. 2025 జనవరి 1 నుంచి మన దేశంలో పాత 1934 నాటి చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం అమలులోకి వచ్చింది. సొంతంగా కట్టుకునే విమానానికి అనుమతి, రిజిస్ట్రేషన్, ఎగరడానికి పర్మిట్ ఇవ్వవలసింది మాత్రం ఇప్పటికీ పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏనే. ముంబయిలో మేడ మీద విమానం కట్టిన అమోల్ యాదవ్ పేరు నీవు వినే ఉంటావు. వృత్తిరీత్యా పైలట్ అయిన ఆయనకు కూడా రిజిస్ట్రేషన్ 2017లో గానీ దక్కలేదు. అందుచేత ఏ దశలో ఏ తనిఖీ కావాలో, ఏ రికార్డు చూపించాలో ముందే లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకో. ఒకసారి రేకు మూసి రివెట్లు వేసిన తరువాత లోపలి పనిని ఎవరూ చూడలేరు. ప్రతి భాగానికీ, మూయకముందు, తేదీతో సహా ఫోటో ఉండాలి. ఎక్కడి నుంచి ఎగురుతావన్నది కూడా ఇప్పుడే తేల్చుకో. ఓర్వకల్లు విమానాశ్రయం నీకు దగ్గరే గానీ, అది 2021 నుంచి ప్రయాణికుల విమానాలు నడుస్తున్న చోటు. అక్కడ చిన్న విమానం నిలుపుకోవడానికి ఒప్పుకుంటారని నీవే అనుకొని ముందుకు పోవద్దు.

మొదటి డబ్బు రడ్డర్ కిట్టుకు, అంటే తోక మీద నిలువుగా ఉండి విమానం ముక్కును పక్కలకు తిప్పే భాగానికి కావలసిన విడి ముక్కల పెట్టెకు పెట్టు. విమానం మొత్తంలో ఎదురయ్యే పనులన్నీ, అంటే రంధ్రాలు వేయడం, వాటి అంచుల గరుకు తీయడం, రేకును క్లెకోలనే స్ప్రింగు పిన్నులతో తాత్కాలికంగా పట్టించి చూడడం, ప్రైమర్ పూయడం, రివెట్లు లాగడం, ఆ చిన్న భాగంలోనే వస్తాయి. అది చేతికి నచ్చితే ముందుకు పో. నచ్చకపోతే నష్టం కొద్దిపాటిది. అల్యూమినియం మీద గీతలు పెన్సిలుతో గీయవద్దు. అందులోని గ్రాఫైటు ఆ గీత వెంబడి లోహాన్ని తినివేస్తుంది, మార్కరు పెన్నుతోనే గీయాలి. పని బల్లకు ఖరీదైన సరంజామా అవసరం లేదు. చిన్న భాగాలు వంకర లేకుండా ఉన్నాయో లేదో చూసుకోవడానికి, బాగా పాలిష్ చేసిన కడప బండను ఉక్కు స్కేలుతో అన్ని దిక్కులా పరీక్షించి ఎంచుకుంటే చాలు.

ఇక బోల్టుల గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎస్టేట్ అంగడిలో దొరికే హైటెన్సైల్ బోల్టు విమానం బోల్టుకంటే గట్టిదని, ధరలో పదో వంతు కూడా లేదని నీవు రాశావు. గట్టిదన్న మాట నిజమే. ఏఎన్ అనే అమెరికా ప్రమాణంతో చేసే మామూలు విమానం బోల్టు లాగుడు బలం చదరపు అంగుళానికి 1,25,000 పౌండ్లు, అంగడిలోని 12.9 గ్రేడు హైటెన్సైల్ బోల్టుది అంతకంటే చాలా ఎక్కువ. అయితే విమానానికి కావలసింది విరగడానికి ముందు వంగి హెచ్చరించే గుణం. మరీ గట్టిపరచిన ఉక్కులో అది తక్కువ. రెండవది, ఏఎన్ బోల్టులో మర లేని నునుపైన భాగం పొడవు అంగుళంలో ఎనిమిదో వంతు తేడాలతో దొరుకుతుంది. రెండు రేకులు కలిసే చోట రంధ్రంలో ఆ నునుపు భాగమే కూర్చోవాలి, మర ఉన్న భాగం అక్కడికి వస్తే రంధ్రం నమిలినట్టు అరిగిపోతుంది. మూడవది, తల మీద గుర్తు, ప్యాకెట్టు మీద బ్యాచ్ నంబరు, దానితో వచ్చే కాగితం. వీటి వల్ల అది ఏ ఉక్కుతో, ఎవరి చేతి కింద తయారైందో తెలుస్తుంది. అంగడి డబ్బాలోని బోల్టుకు ఆ పుట్టుక లేదు. ఒక డబ్బాలోనే నాలుగు కంపెనీల సరుకు కలిసి ఉండవచ్చు.

బిగింపు కూడా చేతి అంచనాతో కుదరదు. ఏఎన్3 అనే 3/16 అంగుళాల బోల్టుకు కావలసిన టార్క్ 20 నుంచి 25 అంగుళ-పౌండ్లు మాత్రమే, ట్రాక్టరు మెకానిక్కు చేతికి అది బిగింపులా కూడా తోచదు. టార్క్ రెంచి మంచిది కొని, ఏటా సరిచూపించుకో. నైలాన్ నట్టును ఇంజను వైపు వేడి తగిలే చోట గానీ, తిరిగే కీలు దగ్గర గానీ వాడకూడదు. అక్కడ గాడుల నట్టు వేసి కాటర్ పిన్నుతో బంధించాలి. రివెట్లదీ ఇదే కథ. కిట్టుతో వచ్చే అవెక్స్ రివెట్లకు బదులు అంగడి పాప్ రివెట్లు వేస్తే పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ, వాటి బలం లెక్కల్లో లేనిది. కంట్రోల్ కేబుల్ విషయంలో కూడా స్కూటర్ తీగల ఆలోచన పెట్టుకోకు. 1/8 అంగుళం 7×19 (ఒక్కొక్కదానిలో 19 తీగలున్న 7 పేటల) గాల్వనైజ్డ్ కేబులు 2,000 పౌండ్ల వరకు తట్టుకుంటుంది, దాని చివర మడతను పట్టి ఉంచడానికి నొక్కిన లోహపు స్లీవును గేజితో కొలిచి చూస్తేనే ఆ బలం నీ చేతికి వచ్చినట్టు లెక్క.

కిట్టు డబ్బు విషయానికి వస్తే, మొత్తం ఒకేసారి ముందుగా కట్టవద్దు. చిన్న విమానాల కిట్లలో ఎంతో పేరున్న వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ 2023 డిసెంబరులో అమెరికా దివాలా చట్టం కింద రక్షణ కోరింది. లేజరుతో కోసిన కొన్ని రేకుల రంధ్రాల దగ్గర పగుళ్లు రావడం ఆ చిక్కులలో ఒకటి. కంపెనీ తరువాత నిలదొక్కుకుంది గానీ, ముందే డబ్బు కట్టిన వాళ్లు పెరిగిన ధరలకు ఒప్పుకోవలసి వచ్చింది. తోక, రెక్కలు, మధ్య భాగం అని విడివిడిగా తెప్పించుకో. పెట్టె రాగానే జాబితాతో సరిచూసి, లోపించిన వాటిని వెంటనే రాసి పంపు. ఓడలో వచ్చిన సరుకైతే ఉప్పు గాలి తడి పట్టిన కాగితం రేకుల మధ్య ఉండిపోకుండా తీసివేసి ఆరబెట్టు.

మన ఎండల గురించి కిట్టు పుస్తకంలో ఎవరూ రాయరు. కర్నూలు సముద్ర మట్టానికి దాదాపు 900 అడుగుల ఎత్తున ఉంది. మే నెలలో 42 డిగ్రీల ఎండలో అక్కడి గాలి, లెక్క కట్టి చూస్తే, ప్రామాణిక వాతావరణంలో సుమారు 4,300 అడుగుల ఎత్తున ఉండే గాలితో సమానం, అంటే హార్స్‌లీ కొండలంత ఎత్తు. రెక్కకు పట్టు తగ్గుతుంది, ప్రొపెల్లరుకు తగ్గుతుంది, ఇంజను బలం ఎనిమిదో వంతు వరకు పోతుంది. 65 అశ్వశక్తి 582తో ఇద్దరు కూర్చుని మధ్యాహ్నం ఎగరాలనుకుంటే మిగిలేది చాలా తక్కువ. నీ ఇంజను తొందరకు నేను అడ్డుపడడానికి ఇది మరో కారణం. రెక్కలు కట్టి, ఖాళీ బరువు ఎంత వచ్చిందో తూచిన తరువాత, 80 అశ్వశక్తి కావాలో 100 కావాలో నీకే తెలుస్తుంది.

పెట్రోలు ఇంకా పెద్ద సమస్య. ఇప్పుడు మన బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. రోటాక్స్ తన 912 ఇంజన్లకు ఒప్పుకునేది 10 శాతం వరకే. ఇథనాల్ కొన్ని రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ నీరు ఎక్కువైతే పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగున చేరుతుంది. వేడికి గొట్టంలోనే ఆవిరై ఇంజనుకు పెట్రోలు అందకుండా చేయడం కూడా ఉంది. కాబట్టి ఇంధనం ఎక్కడి నుంచి తెస్తావన్నది ఇంజను కంటే ముందు తేల్చవలసిన సంగతి. విమానాల ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ వాడవచ్చు గానీ, అందులోని సీసం వల్ల నూనె తొందరగా మార్చాలి, అది దొరికే చోట్లు కూడా తక్కువ. ఏ పెట్రోలు తెచ్చినా పరీక్ష సులభం. కొలతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీరు పోసి, దాని మీద 100 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, బాగా కుదిపి నిలబెట్టు. అడుగున నీటి మట్టం 10 దాటి ఎంత పెరిగితే దాదాపు అంత శాతం ఇథనాల్ ఉన్నట్టు. గొట్టాలకు వేడి తగలకుండా తొడుగులు వేసి, మిగిలిన పెట్రోలు తిరిగి ట్యాంకుకు పోయే దారి తప్పకుండా పెట్టు.

ఇక నీవు అడిగిన మార్పులు. బెంగళూరు దాకా మధ్యలో దిగకుండా పోవడానికి సీటు వెనుక 20 లీటర్ల ట్యాంకు పెట్టాలనుకున్నావు. 20 లీటర్ల పెట్రోలు 14 కిలోలకు పైన తూగుతుంది. 400 కిలోల విమానంలో దాన్ని గురుత్వ కేంద్రానికి ఒక మీటరు వెనుక పెడితే ఆ కేంద్రం మూడున్నర సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. చాలా చిన్న విమానాల్లో అనుమతించిన మొత్తం పరిధి జానెడుకు మించదు. కేంద్రం వెనక్కి జరిగిన విమానం స్టాల్ అయినప్పుడు, అంటే వేగం చాలక రెక్క పట్టు తప్పినప్పుడు, ముక్కు దించడానికి మొరాయిస్తుంది. పైగా ట్యాంకు, దాని బిగింపులు, వాల్వు, గొట్టాలు కలిసి ఇంకొన్ని కిలోలు ఖాళీ బరువులోనే చేరతాయి.

వాల్వు అంటే గుర్తుకు వచ్చింది. గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియా తీరంలో, ఇలాగే సొంతంగా కట్టుకునే రకానికి చెందిన లాంగ్-ఈజెడ్ విమానం కూలి మరణించాడు. ఆ నమూనాను రూపొందించిన బర్ట్ రూటాన్ ప్లాన్‌లో పైలట్ కాళ్ల మధ్య ఉండవలసిన పెట్రోలు వాల్వును, ఆ విమానం కట్టిన వ్యక్తి ఎడమ భుజం వెనుకకు మార్చాడు. దాన్ని అందుకోవడానికి వెనక్కి తిరిగినప్పుడు కాలు కుడి రడ్డర్ పెడల్‌ను నొక్కి ఉండవచ్చని దర్యాప్తు తేల్చింది. వాల్వు మార్చిన మనిషికి ఆ రోజు అది చాలా తెలివైన పనిగానే తోచి ఉంటుంది. నీవు కూర్చునే చోటు నుంచి నడుము తిప్పకుండా చేతికి అందని ఏ వాల్వునూ, స్విచ్చునూ ఒప్పుకోవద్దు.

రెక్కల ముందు ఉండి తక్కువ వేగంలో పట్టు నిలిపే స్లాట్లు తీసివేసి వేగం పెంచుకున్నవారు ఉన్నారని అన్నావు. ఉన్నారు. కానీ వారిలో చాలామంది ఆ విమానాన్ని ముందు ప్లాన్ ప్రకారమే ఎగరేసి, దాని గుణం తెలుసుకున్న తరువాత ఆ పని చేశారు. మొదటి విమానంలో నీకు పోల్చి చూడడానికి ఏమీ ఉండదు. రంగు విషయంలో మాత్రం నీ ఇష్టం, ఒక్క షరతు: కంట్రోళ్ల మీద, అంటే రెక్కల, తోక కదిలే భాగాల మీద, దట్టంగా పూయవద్దు. సమతూకం చేసిన భాగమైతే, రంగు బరువు ఆ సమతూకాన్ని చెడగొట్టి, వేగంలో కంపనం పుట్టించవచ్చు.

వీలు చూసుకొని ఒకసారి బెంగళూరులో జక్కూరు విమాన మైదానానికి వెళ్లి, అక్కడ ఎగిరే చిన్న విమానాల దగ్గర నిలబడి, వాటిని చూసుకునే మెకానిక్కులతో మాట్లాడు. ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకుని పో.

ఆ 582 అమ్మే ఆయనకు వద్దని చెప్పే ముందు, నీ మనసు ఇంకా దాని మీదే ఉంటే, లాగ్‌బుక్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు ఫోటోలు తీసి నాకు పంపు. ప్రొపెల్లర్ ఎప్పుడైనా నేలకు తగిలిందా, ఇంజను చివరిసారి ఎప్పుడు తిరిగింది, ఎక్కడ దాచారు అన్న మూడు సంగతులు ఆయన చేతే రాయించుకో. అవి రాయడానికి వెనకాడితే బేరం అక్కడితో ఆపు. నీ రడ్డర్ కిట్టు వచ్చాక మొదటి పది రివెట్లు పనికిరాని ముక్క మీద వేసి, ఆ ముక్కను ఇక్కడికి పంపు. నేను చూసి జవాబు రాస్తాను.

ఇట్లు,
నీ పెదనాయన