ఆదివారం ఎక్కి ఆదివారమే దిగుతామా?

ప్రశ్న: మా అమ్మాయి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటుంది. మే నెలలో మేమిద్దరం సింగపూర్ మీదుగా వెళ్తున్నాం. విశాఖ నుంచి అక్కడికి 13,300 కిలోమీటర్లని ఇంటర్నెట్‌లో చూశాను. టికెట్‌లో మాత్రం సింగపూర్‌లో ఆదివారం ఉదయం 9కి ఎక్కి, అదే ఆదివారం 9కి దిగుతామని ఉంది. తిరుగు ప్రయాణంలో ఆదివారం ఉదయం ఎక్కితే సింగపూర్ చేరేది సోమవారం సాయంత్రమట! మావారికి షుగరు. ఎన్ని గంటలు కూర్చోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: టికెట్ సరిగ్గానే ఉందమ్మా. అందులో వేసే టైములన్నీ ఏ ఊరివి ఆ ఊరి లోకల్ టైములు. మే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం సింగపూర్ కంటే 15 గంటలు వెనక ఉంటుంది. మీరు గాల్లో ఉండేదీ దాదాపు 15 గంటలే. అందుకే తొమ్మిదికి ఎక్కి తొమ్మిదికే దిగినట్టు కనిపిస్తోంది. వచ్చేటప్పుడు ప్రయాణం సుమారు 17 గంటలు, దానికి ఈ తేడా 15 కలిస్తే 32. ఆదివారం ఉదయం తొమ్మిదికి ఎక్కితే సోమవారం సాయంత్రం ఐదు అవుతుంది. ద్వారకానగర్‌లో టికెట్లు బుక్ చేసే రోజుల్లో, పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు టికెట్ వెనక పెన్నుతో 'కూర్చునేది ఇన్ని గంటలు' అని పెద్దక్షరాల్లో రాసిచ్చేదాన్ని. మీరూ అలా రాసుకోండి.

దూరం ఒకటే అయినా వచ్చేటప్పుడు రెండు గంటలు ఎందుకు ఎక్కువ? విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. ఒక్కోసారి గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. సింగపూర్ నుంచి మీరు వెళ్లేది పసిఫిక్ మీదుగా తూర్పు వైపుకే. కాబట్టి వెళ్లేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురవుతుంది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు మానేసి పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగి సుమారు 15,300 అయింది. అయినా పద్నాలుగున్నర గంటల్లో, అంటే పాత దారి కంటే రెండు గంటలు ముందే చేరింది! కాబట్టి కిలోమీటర్లు చూసి గంటలు లెక్కెయ్యకండి.

మీరు చూసిన 13,300 గ్లోబు మీద దారం లాగితే వచ్చే దూరం. ఆ దారం హిమాలయాలు, చైనా, సైబీరియా, అలాస్కా మీదుగా పోతుంది. మన విశాఖ నుంచి అమెరికాకు నేరుగా విమానం లేదు. మీరు వెళ్లే దారిలో సింగపూర్‌కు 2,900, అక్కడి నుంచి దాదాపు 13,600. మొదటి విమానం నాలుగు గంటలు, రెండోది పదిహేను. మధ్యలో సింగపూర్‌లో ఎంతసేపు ఆగాలో టికెట్‌లో చూడండి. మూడు గంటలకు తక్కువుంటే పెద్దవాళ్లకు పరుగే. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉన్నాయో లేదో కూడా ఇప్పుడే కనుక్కోండి. వేర్వేరు టికెట్లయితే, మొదటి విమానం లేటై రెండోది తప్పిపోయినప్పుడు ఎవరూ బాధ్యత తీసుకోరు.

మీవారి మందుల సంగతి అన్నిటికంటే ముఖ్యం. ఇన్సులిన్ వాడుతుంటే చెక్-ఇన్ సామానులో అస్సలు పెట్టొద్దు, అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది. డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచండి. శాన్‌ఫ్రాన్సిస్కో మే నెలలో మనకంటే పన్నెండున్నర గంటలు వెనక, అంటే రాత్రి మాత్ర టైముకు అక్కడ పొద్దున అవుతుంది. ప్రయాణంలో ఏ డోసు ఎప్పుడో డాక్టరును ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. మీవారి చేతి గడియారం మాత్రం దిగేదాకా విశాఖ టైములోనే ఉండనివ్వండి.