ఎన్నారై సందేహాలు: నేల, నీటి సంరక్షణ చదువుకు అయోవా వస్తున్న తమ్ముడికి

పులివెందుల తమ్ముడూ, మడకశిరలో వ్యవసాయ ఇంజనీరింగ్ చదివి, ఎం.ఎస్.కు అయోవా రాష్ట్రంలోని ఏమ్స్ ఊరికి వస్తున్నానని రాశావు. వీసా గురించి, జీతం గురించి అడిగావు. వీసా సంగతి విశ్వవిద్యాలయం వాళ్లు చెబుతారు. ఇక్కడి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు సాధారణంగా అమెరికా పౌరసత్వం కావాలి. మిగతా నియమాలు నువ్వే చూసుకో. ఇప్పుడు వచ్చే పిల్లలు జీతం లెక్క ముందే వేసుకుంటారు, ఆదివారం ఎవరితో కూర్చుని తింటామో మాత్రం ఆలోచించరు. నా బెంగంతా దాని గురించే.

నేను కల్యాణదుర్గం దగ్గర ఆరేళ్లు వాటర్‌షెడ్ పనులు చేసి వచ్చాను. మూడు కర్రలు కట్టి, మధ్యన తాడుకు రాయి వేలాడదీసి, ఒకే ఎత్తున్న చోట్లు గుర్తుపెట్టి గట్లు వేయించినవాణ్ణి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో నీళ్లు నిలబెట్టాను, దానికి ఒకటిన్నర రెట్లకు పైగా పడే అయోవాలో నాకు భయమేమిటని ధైర్యంగా దిగాను. పని ఆ ధైర్యంతోనే నడిచింది.

నేల, నీటి సంరక్షణ ఉద్యోగాలు చాలావరకు చిన్న కౌంటీ పట్టణాల్లో ఉంటాయి. ఈ పనిలో రైతులకు సాయపడే స్థానిక సంస్థను ఇక్కడ సంరక్షణ జిల్లా అంటారు. మొదటిది 1937లో నార్త్ కరొలైనాలో ఏర్పడింది. ఇప్పుడు దేశమంతటా దాదాపు 3,000 ఉన్నాయి. నేను చేరిన ఊళ్లో తెలుగు మాట వినబడదు. చలికాలం నేల గడ్డకట్టి పొలం పని కూడా ఆగిపోతుంది.

చేరిన వారానికే ఒక పెద్ద వయసు రైతు ఆదివారం భోజనానికి రమ్మన్నాడు. "మీకెందుకండీ శ్రమ" అన్నాను. మన ఊళ్లలో ఒకసారి వద్దంటాం, రెండోసారి నసుగుతాం, మూడోసారికి కంచం ముందు కూర్చుంటాం. ఇక్కడ వద్దంటే వద్దనే అర్థం. ఆయన మళ్లీ పిలవలేదు. ఆ చలికాలమంతా గదిలో ఒక్కణ్ణే తిన్నాను. రాత్రి ఎనిమిదికి ఫోను చేస్తే అక్కడ తెల్లవారి ఉండేది. "ఏం కూర నాయనా?" అని అమ్మ అడిగితే గొంతు పెగిలేది కాదు.

మంచు కరిగాక నేనే ఆయన ఇంటికి వెళ్లాను. వంటింటి బల్ల మీద రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు అడిగి, ఎండిన మట్టి పెళ్లలు చెరొకటి వేశాను. ఏటా దున్నే చేలోది చూస్తుండగానే విచ్చిపోయి నీళ్లు బురదయ్యాయి. ఏళ్లుగా దున్నని గట్టుది పెళ్లగానే నిలిచింది. ఆయన భార్య కాఫీ తెచ్చింది, ఈసారి వద్దనలేదు. పొద్దుగూకే దాకా వాళ్లు చెప్పిన కబుర్లు విన్నాను. ఆ వేసవిలోనే ఆయన వాలు చేలో నీళ్లు పారే దారికి, మట్టి కొట్టుకుపోకుండా గడ్డి వేయించాను. ఇప్పుడు ఆ చుట్టుపక్కల నేను కాఫీ తాగని ఇల్లు లేదు.

ఈ వృత్తివాళ్లు పెట్టుకున్న నేల, నీటి సంరక్షణ సంఘం కార్యాలయం ఆంకెనీలో ఉంది, ఏమ్స్‌కు దగ్గరే. వచ్చిన నెలలోనే విద్యార్థి సభ్యుడిగా చేరు. మొదటి ఆదివారం మా ఇంటికి రా, కారులో గంట ప్రయాణం. సద్దరొట్టె, చెనక్కాయల పొడి ఉంటాయి. మన పద్ధతిలో మూడుసార్లు పిలుస్తానులే, కానీ నువ్వు మొదటి పిలుపుకే బయలుదేరు.