పిల్లాడు అలిగాడు సరే, తండ్రి ఎక్కడ?

"నా వయసు 34. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి అయిదు. నాన్న పోయాక అమ్మ అరుణాచలం వెళ్లాలని అడుగుతూనే ఉంది. మొన్న పౌర్ణమికి ఆర్టీసీ ప్యాకేజీ బస్సులో తీసుకెళ్లాను. కాణిపాకం, వేలూరు గోల్డెన్ టెంపుల్ కూడా చూసుకుని నాలుగో రోజు ఇల్లు చేరాను. బాబు నా దగ్గరికి రాలేదు, నానమ్మ కొంగు వెనక దాక్కున్నాడు. 'నువ్వెళ్లినప్పటి నుంచీ వాడు సరిగ్గా అన్నం తినలేదు' అన్నారు అత్తయ్య. సింకు నిండా గిన్నెలు. మా వారు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన ఏటా మాల వేసుకుని శబరిమల వెళ్లొస్తారు, అది వేరు. ఇంకెప్పుడూ వెళ్లనని అందరి ముందూ చెప్పేశాను. ఇది బాబు మనసులో ఉండిపోతుందా? వాడి కోపం ఎలా పోగొట్టాలి?"
- ఒక సోదరి, కరీంనగర్

బాబు గురించి బెంగ పెట్టుకోకండమ్మా. ఈ జవాబు మీకు అందేసరికే వాడు మీ ఒళ్లో ఉంటాడు. తల్లికి దూరమైన చిన్నపిల్లలు ఆమె తిరిగొచ్చాక ముఖం తిప్పుకోవడం గురించి, పిల్లల మనసుల్ని పరిశోధించిన జాన్ బౌల్బీ, జేమ్స్ రాబర్ట్‌సన్ 1950ల్లోనే రాశారు. వాళ్లు చూసింది ఆస్పత్రుల్లో తెలియని మనుషుల మధ్య రోజుల తరబడి ఉండిపోయిన పిల్లల్ని. తెలిసిన మనిషి ప్రేమగా చూసుకుంటే ఆ బాధ చాలా తగ్గుతుంది. మీ వాడు సొంతింట్లో నానమ్మ దగ్గర, నాన్న దగ్గర ఉన్నాడు. చాక్లెట్లు కొనిచ్చి బతిమాలకండి. రాత్రి పక్కన పడుకోబెట్టుకుని, అరుణాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణలో అమ్మమ్మ చెప్పుల్లేకుండా 14 కిలోమీటర్లు ఎలా నడిచిందో చెప్పండి, చాలు.

అత్తగారినీ వదిలేయండి. ఆ వయసులో నాలుగు రోజులు ఇద్దరు పిల్లల్ని చూసుకుని, వండిపెట్టి, ఒక మాట అన్నారు. అననివ్వండి. ఆమెకు మనస్ఫూర్తిగా కృతజ్ఞత చెప్పుకోండి.

నాకు కోపం వచ్చింది మీ ఆయన మీద. పిల్లాడు అన్నం తినకపోతే కలిపి తినిపించాల్సింది ఎవరు? మీరు రాసిన ఇంకో సంగతి చదివి నాకు మనసు చివుక్కుమంది. రాత్రి పదింటికి ప్రదక్షిణ దారిలో యమలింగం గుడి దాటి నడుస్తుంటే ఫోన్ చేసి, "చిన్నోడి స్కూల్ బెల్టు ఎక్కడ పెట్టావు?" అని అడిగారట. అమ్మ ఎలా నడుస్తోందని అడగలేదట. మీరేమో అమ్మ చెయ్యి వదిలి, రోడ్డు పక్కన నిలబడి, బీరువాలో ఏ అరలో ఉందో చెప్పారు. తను ఉంటున్న ఇంట్లో తన కొడుకు బెల్టు వెతుక్కోలేని మనిషి, మీరు తిరిగొచ్చాక అలిగి కూర్చున్నారు! ఆయన అనాల్సింది తల్లి చేత అనిపించి, తాను మౌనంగా ఉండిపోయారు. రెండు రోజుల మౌనం పెద్ద శిక్షే. మీరు ఏ తప్పు చేశారని?

శబరిమల "వేరు" అన్నారు. ఎలా వేరు తల్లీ? దీక్ష 41 రోజులూ మీరు తెల్లారకముందే లేచి, తలస్నానం చేసి వండిపెట్టి ఉంటారు. ఇరుముడి కట్టుకుని బయల్దేరితే సాగనంపి ఉంటారు. తిరిగొస్తే కాళ్లకి నీళ్లిచ్చి ఉంటారు. అప్పుడూ పిల్లలు నాన్న కోసం ఏడ్చే ఉంటారు. ఆ మాట ఆయన ముఖం మీద ఎవరైనా అన్నారా? కన్నతల్లి మొక్కు తీర్చడం కూతురి ధర్మం. అందులో పుట్టింటి పక్షపాతం ఏమీ లేదు.

మీకూ ఒక మాట చెప్పాలి. వెళ్లేముందు ఇడ్లీ పిండి రుబ్బి, యూనిఫాంలు ఇస్త్రీ చేసి, ఏ పూట ఏం చేయాలో కాగితం రాసి ఫ్రిజ్‌కి అంటించానని రాశారు. ఆ కాగితం రాసింది అత్తగారి కోసం. పిల్లల తండ్రికి అందులో ఒక్క పనీ లేదు. ఆయన ఇంట్లో ఉన్నా లెక్కలో లేరు, అందుకు ఆయనా ఎప్పుడూ బాధపడలేదు. మార్చాల్సింది అక్కడే.

ఈ ఆదివారం పిల్లల్ని అత్తగారి దగ్గర ఉంచి, ఆయన్ని గుడికో పార్కుకో తీసుకెళ్లి మాట్లాడండి. ఏడవకండి, సారీ చెప్పకండి. "నేను లేనప్పుడు మీరు ఉన్నారనే ధైర్యంతో వెళ్లాను. మీరు అంతా అత్తయ్య మీద వదిలేశారు" అని సూటిగా అనండి. ఆయన విసుక్కోవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు కూడా. అయినా చెప్పాల్సిందే. వచ్చే నెల నుంచి బాబుకి రాత్రి అన్నం, పాప హోంవర్క్ ఆయన వంతు. మీరు ఇంట్లో ఉన్నా సరే. మొదట్లో మెతుకులు కింద పడతాయి, పాప నోట్సు మర్చిపోతుంది. మధ్యలో మీరు దూరకండి.

"ఇంకెప్పుడూ వెళ్లను" అన్నారు చూడండి, ఆ మాట ఎవరి ముందు అన్నారో వాళ్ల ముందే వెనక్కి తీసుకోండి. అమ్మ కాశీ కూడా అడుగుతోందని ఉత్తరం చివర రాశారు. ఈ వారమే ఫోన్ చేసి సరేనని చెప్పండి. టికెట్లు మాత్రం మీ ఆయనకి సెలవు దొరికే రోజులు చూసి చేయించండి. ఆ రోజులన్నీ పిల్లల దగ్గర ఆయనే ఉండాలి.