డిస్ట్రిబ్యూషన్‌లో ఒకే పనికి రెండు మూడు ప్రోగ్రాములు ఉంటే వేటిని ఉంచాలి?

మీ పాఠశాల ల్యాబ్ కోసం డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్ (ప్రోగ్రాములతో కలిపి ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్) ఆధారంగా ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసుకునే డిస్క్ ఫైలు) తయారు చేస్తున్నామని, ఒకే పని చేసే ప్రోగ్రాములలో వేటిని ఉంచాలో తేలడం లేదని రాశారు. హనుమకొండలో ఒక డిగ్రీ కళాశాల ల్యాబ్‌కు నేను ఇదే పని చేశాను కనుక, అక్కడ జరిగిన పొరపాట్లతో సహా చెబుతాను.

మొదటిసారి టోటెమ్, వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్లు రెండూ పెట్టి, ఏది తెరుచుకోవాలో నిర్ణయించకుండా వదిలేశాను. పాఠం వీడియో మీద నొక్కితే టోటెమ్ తెరుచుకునేది. అది ఆధారపడే జీస్ట్రీమర్ అనే మీడియా వ్యవస్థకు కావలసిన కోడెక్ (వీడియోను విప్పి చూపే భాగం) ప్యాకేజీని నేను చేర్చకపోవడంతో బొమ్మ వచ్చేది కాదు. అదే ఫైలు వీఎల్‌సీలో చక్కగా నడిచేదని తెలియక, ఫైలే పాడైందనుకుని పిల్లలు లేచి వెళ్లిపోయేవారు. ఏది గొప్పదన్న చర్చకు అంతు ఉండదు. ఇబ్బంది వచ్చిన రోజు మీ ల్యాబ్ అసిస్టెంట్ దేనిని సరిచేయగలరో దానినే ఉంచండి. రెండవది రిపాజిటరీలో (ప్రోగ్రాములు దించుకునే ఆన్‌లైన్ భాండారంలో) ఎలాగూ ఉంటుంది. 2004లో మొదలైన ఉబుంటు డిస్ట్రిబ్యూషన్ కూడా ఒకే సీడీలో పట్టాలన్న పరిమితితో పనికి ఒక ప్రోగ్రామే ఇచ్చేది. 2010లో ఫొటోలు దిద్దే గింప్ వంటి పేరున్న ప్రోగ్రామును సైతం సీడీ నుంచి తప్పించి, రిపాజిటరీలో కొనసాగించింది.

తెలుగు టైపింగ్ దగ్గర మాత్రం ఈ నియమాన్ని సగమే పాటించాలి. మీటలు నొక్కితే తెలుగు అక్షరాలు పడేలా చేసే ఐబస్, ఎఫ్‌సీఐటీఎక్స్‌లలో ఒక్కటే ఉంచండి. నేను రెండూ ఉంచినప్పుడు విండోలు, బటన్లు గీయడానికి జీటీకే అనే లైబ్రరీని వాడే ప్రోగ్రాములు ఒకదానిని, క్యూటీ అనే లైబ్రరీని వాడేవి మరొకదానిని పట్టుకుని, ఒక విండోలో తెలుగు పడితే పక్క విండోలో ఇంగ్లిషు పడేది. కానీ ఐబస్ కింద ఎం17ఎన్ అనే లైబ్రరీ ఇచ్చే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఐట్రాన్స్ లేఅవుట్లలో (మీటల అమరికలలో) దేనినీ తీసివేయకండి. ఇన్‌స్క్రిప్ట్ ప్రామాణికం కదా అని మిగిలినవి తొలగించిన వారమే, ఏళ్లుగా డీటీపీ పని చేసిన ఒక సోదరి మా ల్యాబ్‌లో కూర్చుని, ఆపిల్ లేఅవుట్‌కు అలవాటుపడిన వేళ్లతో నాలుగు మీటలు నొక్కి, తెర మీద పడిన అక్షరాలను చూసి చేతులు వెనక్కి తీసుకున్నారు. ప్లేయర్ మారితే పావుగంటలో అలవాటవుతుంది, వేళ్ల అలవాటు అలా మారదు. ఆ సాయంత్రమే అన్ని లేఅవుట్లనూ తిరిగి చేర్చాను.

ఫాంట్ల గురించి అంత ఆలోచన అక్కరలేదు. లోహిత్, పోతన 2000, వేమన 2000 మూడూ ఉంచినా చోటు పెద్దగా పట్టదు.

ఐఎస్ఓ ఖాయం చేసే ముందు కొత్త యూజర్ ఖాతాతో లాగిన్ అయి, వీడియో, పీడీఎఫ్, ఫొటో, తెలుగు డాక్యుమెంటు ఒక్కొక్కటి తెరిచి, ఏది దేనిలో తెరుచుకుంటున్నదో కాగితం మీద రాసుకోండి. మీ ఖాతాలో పాత సెట్టింగులు ఉంటాయి కనుక అందులో చూస్తే ఈ తేడాలు బయటపడవు.